పూలజడ, అడ్డుతెర, చర్చి హాలు: కాదనే హక్కు ఎంతవరకు?

పూలజడ (ఎడిసన్, న్యూజెర్సీ), శుక్రవారం రాత్రి 10.40

అందరికీ నమస్కారం. మాది గుడివాడ దగ్గర పల్లె. పదకొండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. ఇంటి దగ్గరే పెళ్లిళ్లకు పూలజడలు, అడ్డుతెరలు, కొబ్బరిబోండాల అలంకారం చేసి ఇస్తాను. మేము క్రైస్తవులం. నా చేతిపని మాత్రం ఎక్కువగా హిందూ పెళ్లిళ్లకే వెళ్తుంది. ఇన్నేళ్లలో ఎవరినీ కాదనలేదు.

పోయిన వారం ఒక తెలుగు అమ్మాయి ఫోను చేసింది. పూలజడలు రెండు కావాలంది. అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లేమో అనుకుని పొడవు అడిగాను. ఒకటి నడుము దాకా, రెండోది భుజం దాటితే చాలంది. తర్వాత అడ్డుతెర సంగతి వచ్చింది. పేర్లు చెప్పింది. రెండూ ఆడపిల్లల పేర్లే. "ఇద్దరికీ చి.ల.సౌ. అని రాయండి అక్కా" అంది. అప్పటికి నా చేతిలో పెన్సిలు ఉంది, నమూనా కాగితం మీద మొదటి పేరు సగం రాశాను. అక్కడే చెయ్యి ఆగిపోయింది. "రెండు రోజుల్లో చెప్తానమ్మా" అని ఫోను పెట్టేశాను. ఈ రోజుకు అయిదు రోజులైంది, ఇంకా చెప్పలేదు.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఎంతో మర్యాదగా మాట్లాడింది. కానీ నా విశ్వాసంలో పెళ్లంటే స్త్రీకి, పురుషుడికి దేవుని ఎదుట జరిగేది. ఆ తెర మీద ఆ రెండు పేర్లు నా చేత్తో కుట్టడం నా వల్ల అవుతుందా అని రాత్రుళ్లు ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. మా వారు మా తెలుగు చర్చి కమిటీలో ఉన్నారు. చర్చి వెనక హాలును పుట్టినరోజులకు, ఓణీల వేడుకలకు, శనివారం తెలుగు బడికి అద్దెకు ఇస్తాం. ఏ మతంవారైనా తీసుకుంటారు. ఆ అమ్మాయి మెహందీకి ఆ హాలు దొరుకుతుందా అని కూడా అడిగింది.

కాబట్టి నావి రెండు ప్రశ్నలు. నేను కాదనవచ్చా? చర్చి కాదనవచ్చా? తెలిసినవారు చెప్పండి.

ట్రెంటన్ వకీలు, శుక్రవారం రాత్రి 11.55

అమ్మా, ఇక్కడ రాసేది చట్టం గురించిన మాట మాత్రమే. మీ వ్యవహారానికి సలహా కావాలంటే కాగితాలు పట్టుకుని ఎవరినైనా నేరుగా కలవాలి.

న్యూజెర్సీ వివక్ష నిరోధక చట్టం 1945 నాటిది. ప్రజలందరికీ తెరిచిన ఏ వ్యాపారమైనా జాతి, మతం వంటి కారణాలతో ఎవరినీ వెనక్కి పంపకూడదంటుంది. లైంగిక ధోరణిని 1990ల మొదట్లో ఆ జాబితాలో చేర్చారు. ఇంట్లో కూర్చుని చేసినా, నలుగురికీ ప్రకటించి ఆర్డర్లు తీసుకుంటే మీది వ్యాపారమే. అన్యాయం జరిగిందనుకున్నవారు 180 రోజుల్లో రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు, లేదా రెండేళ్లలోపు కోర్టుకు వెళ్లవచ్చు. దేశమంతటికీ వర్తించే 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లు, భోజనశాలలు, సినిమాహాళ్ల గురించి చెబుతుంది గానీ, ఆ భాగంలో లైంగిక ధోరణి మాట లేదు. అందుకే ఈ వివాదాలన్నీ రాష్ట్ర చట్టాల మీదే నడిచాయి.

మీకు దగ్గరగా వచ్చేది వాషింగ్టన్ రాష్ట్రంలో రిచ్‌లాండ్ ఊరి పూలకొట్టు కేసు. బారొనెల్ స్టట్జ్‌మన్ అనే ఆవిడ ఒకే మనిషికి ఏళ్ల తరబడి పూలు అమ్మింది. ఆయన గే అని ఆమెకు తెలుసు. 2013లో తన పెళ్లికి పూలు అడిగితే ఆయన చెయ్యి పట్టుకుని, యేసుతో తనకున్న అనుబంధం వల్ల చేయలేనని చెప్పింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో ఒకసారి, 2019లో మరోసారి ఆమెదే తప్పంది. 2021 జులైలో అమెరికా సుప్రీంకోర్టు ఆమె అప్పీలును వినడానికి నిరాకరించింది. ఆ నవంబరులో ఆమె 5,000 డాలర్లు చెల్లించి రాజీ పడింది.

అందరికీ తెలిసిన కేకు కేసు కొలరాడోది. 2012లో జాక్ ఫిలిప్స్ అనే బేకరీ యజమాని ఇద్దరు మగవాళ్ల పెళ్లికి కేకు చేయనన్నాడు, అంగట్లో మిగతావి ఏవైనా అమ్ముతానన్నాడు. 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 7–2 తేడాతో అతనివైపు తీర్పు ఇచ్చింది. చాలామంది దీన్ని "కాదనే హక్కు గెలిచింది" అని చెప్పుకుంటారు. అది సరికాదు. ఫిర్యాదు విన్న రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ అతని మతాన్ని చులకన చేసి మాట్లాడింది, తటస్థంగా విచారించలేదు అన్నదే ఆ తీర్పుకు ఆధారం. మతవిశ్వాసం ఉన్నంత మాత్రాన వ్యాపారి చట్టం నుంచి తప్పించుకోలేడని అదే తీర్పులో జస్టిస్ కెనడీ రాశారు.

అసలు మలుపు 2023 జూన్ 30న వచ్చింది. కొలరాడోలోనే లోరీ స్మిత్ అనే వెబ్‌సైట్ల రూపకర్త వేసిన కేసు. స్వలింగ జంటల పెళ్లికి వెబ్‌సైటు రాయమని ప్రభుత్వం తనను బలవంతపెట్టకూడదని ఆమె వాదన. సుప్రీంకోర్టు 6–3తో ఒప్పుకుంది. గమనించండి, అది మతస్వేచ్ఛ కింద ఇచ్చిన తీర్పు కాదు, భావప్రకటనా స్వేచ్ఛ కింద ఇచ్చినది. ఆమె గే కస్టమర్లకు ఇతర పనులు చేస్తానని, తాను నమ్మని సందేశం మాత్రం రాయనని ఇరుపక్షాలూ ముందే ఒప్పుకున్నాయి. నమ్మని మాటను పలకమని ప్రభుత్వం ఎవరినీ శాసించజాలదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. ప్రజలకు తెరిచిన వ్యాపారానికి వివక్ష నుంచి చట్టం రక్షించే వర్గాన్ని కాదనే రాజ్యాంగ హక్కు ఇవ్వడం ఈ కోర్టు చరిత్రలో ఇదే మొదటిసారి అని జస్టిస్ సొటొమయోర్ తీవ్రంగా విభేదించారు.

మీ సంగతికి వస్తే, అడ్డుతెర మీద పేర్లు మాటలు. పూలజడలో మాట లేదు. జడ కళే, కాదనను. కానీ ఏ పని ఎంతవరకు "భావప్రకటన" అన్న గీతను 2023 తీర్పు గీయలేదు. జడను కూడా కాదంటే మీరు నిలబడే నేల చాలా పల్చన. హాలు సంగతి వేరు, రేపు రాస్తాను.

శేషగిరి మాస్టారు, శనివారం ఉదయం 7.10

నేను హిందువును, రిటైరైన తెలుగు మాస్టారును. నాకు అర్థమైనది ఇది. ఆమె చేతులు ఆమెవి. సూది పట్టుకోవాలో వద్దో ఆమె చెప్పాలి గాని ప్రభుత్వం చెప్పడం ఏమిటి? ఊళ్లో ఇంకెవరూ జడలు కుట్టేవారు లేరా? రేపు నన్ను ఎవరైనా వచ్చి, నా దేవుణ్ణి నిందించే పద్యం రాసిపెట్టమంటే రాయాలా? నేను రాయను. ఆమెను రాయమనే అర్హత కూడా నాకు ఉండదు.

అవతలి అమ్మాయిలను నేను తప్పు పట్టడం లేదు. వాళ్ల పెళ్లి వాళ్లది. ఈ తల్లి మనసు ఈ తల్లిది.

బాపట్లవాసి, శనివారం ఉదయం 9.25

మాస్టారూ, "ఊళ్లో ఇంకెవరూ లేరా" అన్న మాట చదివాక పనికి కూర్చోలేకపోయాను.

మాది దళిత క్రైస్తవ కుటుంబం. మా అక్క పెళ్లికి నాన్న పట్టణంలో ఒక కల్యాణ మండపం మాట్లాడారు. అడ్వాన్సు ఇచ్చారు, రసీదు కూడా రాస్తున్నారు. మేనేజరు ఇంటిపేరు అడిగాడు. తర్వాత ఏ పేట అని అడిగాడు. పెన్ను మూత పెట్టి, రిజిస్టరు మూసి, "ఆ తేదీ ఖాళీ లేదండీ, నేనే సరిగా చూసుకోలేదు" అన్నాడు. నాన్న చేతిలో పెట్టిన నోట్లు అలాగే తిరిగి నాన్న చేతిలోకి వచ్చాయి. పెళ్లిరోజు బ్యాండు ఆ మండపం ముందునుంచే వెళ్లింది. గేటుకు తాళం. లోపల ఒక్క లైటు లేదు. మెట్ల మీద కుక్క పడుకుని ఉంది. చర్చి ముందు షామియానా వేసుకుని చేశాం, వాన కూడా పడింది.

నాన్నకు డబ్బు ఉంది. ఇంకో మండపం దొరికి ఉండేదేమో. కానీ ఆయన మళ్లీ ఎక్కడా అడగలేదు. అడగడం అనేదే ఆయనలో చచ్చిపోయింది. వివక్ష నిరోధక చట్టం అంటే నాకు అందుకే ప్రాణం.

అక్కా, పెళ్లి గురించి నా విశ్వాసం కూడా మీదే. బైబిలు నేనూ చదువుతాను. అయినా ఆ అమ్మాయి అయిదు రోజులుగా ఫోను కోసం చూస్తూ ఉంటుంది. ముందు ఆ సంగతి చూడండి.

శేషగిరి మాస్టారు, శనివారం ఉదయం 10.05

నాయనా, చదివి మనసు కలత పడింది. మీ నాన్నగారికి జరిగింది నేరమే, దాన్ని నేను సమర్థించడం లేదు. నేను చూసే తేడా ఒకటి ఉంది. అక్కడ ఫలానా మనిషి లోపలికి రాకూడదన్నారు. ఇక్కడ ఈమె ఫలానా మాట నేను రాయలేనంటోంది. రెండూ ఒకటేనా?

ట్రెంటన్ వకీలు, శనివారం ఉదయం 11.30

మాస్టారు అడిగినది సరిగ్గా ఈ వివాదాలన్నిటికీ నడిమధ్యన ఉన్న ప్రశ్న. చరిత్రలో ఆ తేడాను అడ్డం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. సౌత్ కరొలైనాలో పిగ్గీ పార్క్ అనే భోజనశాలల యజమాని నల్లజాతివారిని లోపల కూర్చోబెట్టి వడ్డించనన్నాడు. తెల్లవారు, నల్లవారు కలవడం దేవుని చిత్తానికి విరుద్ధమని తన విశ్వాసమన్నాడు. 1964 చట్టం తన మతస్వేచ్ఛను హరిస్తోందని వాదించాడు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనకు అసలు విలువే లేదని ఒక్క మాటలో తోసిపుచ్చింది. అతను మాత్రం మనస్ఫూర్తిగానే నమ్మి ఉంటాడు.

న్యూ మెక్సికోలో ఒక ఫొటోస్టూడియో 2006లో ఇద్దరు స్త్రీల వేడుకకు రాలేమని చెప్పినప్పుడు రాష్ట్ర సుప్రీంకోర్టు 2013లో స్టూడియోకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అందులో జస్టిస్ బాసన్ విడిగా రాసిన భాగాన్ని నేను ఇప్పటికీ తీసి చదువుతుంటాను. వ్యాపారంలో మన నమ్మకాన్ని కొంత పక్కన పెట్టవలసి రావడం బాధాకరమే, అయినా అది పౌరసత్వానికి మనం చెల్లించే మూల్యం అన్నారాయన. ఓడిన పక్షం బాధను చులకన చేయకుండా ఓడించారు. 2023 తర్వాత అదే కేసు వస్తే ఫలితం మారవచ్చు, అది వేరే విషయం.

మాంచెస్టర్ మాధవి, శనివారం మధ్యాహ్నం 1.15

మాస్టారు చెప్పిన తేడా మీదే మా బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో ఆషర్స్ అనే బేకరీ, క్రైస్తవ కుటుంబానిది. 2014లో ఒకాయన స్వలింగ వివాహాన్ని సమర్థించమని రాసిన కేకు చేయమన్నాడు. ధర 36 పౌండ్ల 50 పెన్నీలు. డబ్బు తీసుకుని, తర్వాత చేయలేమని తిరిగి ఇచ్చేశారు. కింది కోర్టు 500 పౌండ్ల పరిహారం వేసింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మాట రాయమని ఎవరు అడిగినా వాళ్లు రాసేవారు కాదు, వాళ్ల అభ్యంతరం నినాదం మీదే గాని మనిషి మీద కాదని లేడీ హేల్ తీర్పు. అదే సమయంలో, గే అయినందుకు మామూలు కేకు అమ్మననడం చట్టవిరుద్ధమేనని కూడా స్పష్టం చేశారు.

ఇక పూలజడగారూ, నొప్పించాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. నా పెళ్లి అడ్డుతెర మీద శ్రీనివాసుడు, పద్మావతి ఉన్నారు. మీరు అలాంటివి కుడతారు కదా. మీ విశ్వాసంలో విగ్రహారాధన కూడా పాపమే అంటారు. దానికి ఆగని సూది దీనికి ఎందుకు ఆగింది?

పూలజడ (ఎడిసన్, న్యూజెర్సీ), శనివారం రాత్రి 9.50

మాధవి గారూ, పొద్దున్నుంచి ఈ ప్రశ్నే మనసులో తిరుగుతోంది. మధ్యాహ్నం ఒక శ్రీమంతం జడ పని ఉంది. తడిగుడ్డలో చుట్టిన మల్లెమొగ్గలు విప్పి, అట్ట మీద ఒక్కొక్కటి గుచ్చుతూ ఆలోచించాను. ఇక్కడ మల్లెలు దొరకడమే కష్టం, దొరికిన రోజు చెయ్యి ఊరికే ఉండనివ్వవు. నాలుగు గంటలు కూర్చున్నా సరైన జవాబు దొరకలేదు.

దేవుడి బొమ్మ కుట్టేటప్పుడు అది మీ విశ్వాసం, నాది కాదు అని నాకు తెలుసు. చూసేవాళ్లకూ తెలుసు. మీ పెళ్లిని పెళ్లిగా నేను మనసారా ఒప్పుకుంటాను. ఇక్కడ నాకు అడ్డొచ్చింది "చి.ల.సౌ." అన్న మాట. అది దీవెన. నా చేత్తో రాస్తే ఆ దీవెన నేను ఇచ్చినట్టే నాకు అనిపిస్తుంది. ఇది తర్కానికి నిలబడకపోవచ్చు. నా లోపల మాత్రం ఇలాగే ఉంది.

బాపట్ల తమ్ముడూ, నువ్వు రాసినది మా వారికి చదివి వినిపించాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

కావలి పాస్టరు (డాలస్), శనివారం రాత్రి 11.20

ప్రియ సహోదరీ, చర్చి గురించి మీరు అడిగినదానికి నాకు తెలిసింది చెబుతాను. పెళ్లి జరిపించమని ఏ బోధకుణ్ణీ అమెరికాలో ఏ ప్రభుత్వమూ బలవంతపెట్టలేదు. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ మతస్వేచ్ఛకు ఇచ్చిన రక్షణ అది. స్వలింగ వివాహాన్ని దేశమంతటా చట్టబద్ధం చేసిన 2015 తీర్పు కూడా ఆ స్వేచ్ఛను గుర్తించింది. 2022 డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన వివాహ గౌరవ చట్టంలోనూ, లాభాపేక్ష లేని మతసంస్థలు ఏ వివాహం జరిపించడానికీ, దాని వేడుకకూ సేవలు, స్థలం ఇవ్వనవసరం లేదని రాసి ఉంది. విడాకులు తీసుకున్నవారికి పెళ్లి చేయననే బోధకులు మనలో ఎంతమంది లేరు? ఎవరూ కోర్టుకు లాగలేదు.

మన దేశంలోనూ అంతే. కావలిలో ఉన్నప్పుడు 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లిళ్లు చేశాను. ఫలానావారికి చేసి తీరాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేను చేయనంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, ముప్పై రోజులు ఆగి, రిజిస్ట్రారు దగ్గర చేసుకునేవారు. ఈ ఏర్పాటు నాకు మంచిదనిపిస్తుంది. రాజ్యం ఇచ్చే పెళ్లి అందరికీ, బలిపీఠం ముందు పెళ్లి సంఘానికి.

సహోదరుడు బాపట్లవాసి రాసినది చదివి నేను మోకరించాను. మండపాల సంగతి అలా ఉంచండి. మన చర్చిల్లోనే ఏ కులానికి ఆ బల్లలు, ఏ కులానికి ఆ సమాధుల వరుస ఉన్న ఊళ్లు నాకు తెలుసు. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటివారు. ఆ వార్త విని మా సంఘంలో పెద్దలు ఏడ్చారు. వాళ్ల కన్నీళ్ల వెనక ఏముందో మనం మరిచిపోకూడదు.

బాపట్లవాసి, ఆదివారం ఉదయం 8.40

పాస్టరుగారూ, ఈ మాట ఒక పాస్టరు నోట విని ఎన్నాళ్లైందో. వందనాలు.

మన రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఎవరినీ అడ్డుకోకూడదంటుంది. ప్రభుత్వానికే కాదు, ప్రైవేటువారికీ వర్తించే కొద్ది హక్కుల్లో ఇదొకటి. చదవడానికి ఎంత బాగుంటుందో. కానీ పట్టుకుని పోరాడటానికి చేతికి దొరికే ఆయుధం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో అదే చెప్పింది. మతం మారినవారికి ఆ చట్టం రక్షణ ఉండదంది. మేనేజరు ఇంటిపేరు అడిగినప్పుడు మేము మాలమాదిగలం. పోలీసు స్టేషనుకు వెళ్తే క్రైస్తవులం. మా మతస్వేచ్ఛకు మేము కట్టే వెల ఇది.

మూసీతీరం, ఆదివారం మధ్యాహ్నం 12.30

చాలాకాలంగా ఈ వేదికలో చదువుతూ మాత్రమే ఉన్నాను. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను గే. ఉండేది హైదరాబాద్.

ఇక్కడ మా పెళ్లికి చట్టం లేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది కదా, వివాహం ప్రాథమిక హక్కు కాదు, చట్టం చేయాల్సింది పార్లమెంటే అని. ఆ కేసు వేసిన సుప్రియో, అభయ్ మా ఊరివాళ్లే, 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. ఆ ధైర్యం చూసి మేమూ చేసుకున్నాం, చిన్నగా, నలభై మందితో.

ఫొటోగ్రాఫరు కోసం ముగ్గురికి ఫోను చేశాను. ఒకాయన "అమ్మాయి పేరేమిటి సార్" అన్నాడు. చెప్పాను. కనుక్కుని చెప్తానన్నాడు. ఆ నంబరు మళ్లీ మోగలేదు. మిగతా ఇద్దరూ అంతే. నాలుగో ఆయన పెద్దవాడు. వచ్చాడు, కెమెరా బిగించుకున్నాడు, "ఎడమవైపు ఎవరు నిలబడతారు బాబూ" అని మాత్రం అడిగాడు. ఆయన తీసిన ఫొటోలో మా నాయనమ్మ నవ్వుతోంది. ఇప్పుడు ఆమె లేదు.

మాస్టారూ, మనిషిని కాదనడం లేదు, పనిని కాదంటున్నాను అన్న మాట మీవైపు నుంచి నిజమే. నావైపు నుంచి మాత్రం, నా పెళ్లిని తీసేస్తే మిగిలేది నేను కాదు. పెళ్లిది తప్ప మిగతావి అమ్ముతామనేవాళ్ల పుట్టినరోజు కేకు నాకు ఎన్నడూ సమస్య కాలేదు.

పూలజడ అక్కా, మీరు రాయలేకపోతే రాయలేరు. నేను మిమ్మల్ని ద్వేషించను. మోగని ఫోను ముందు కూర్చోబెట్టకండి, అంతే అడుగుతున్నాను.

నిర్వాహకుడు, ఆదివారం మధ్యాహ్నం 1.05

మూసీతీరం గారి సందేశం కింద వచ్చిన రెండు జవాబులు తొలగించాను. విశ్వాసం గురించి, చట్టం గురించి ఎంత గట్టిగానైనా రాయండి. మనిషిని కించపరిచే మాట ఉంటే సభ్యత్వం పోతుంది.

ట్రెంటన్ వకీలు, ఆదివారం సాయంత్రం 6.15

హాలు గురించి రాస్తానన్నాను. దీనికి మన న్యూజెర్సీలోనే జరిగిన కేసు ఉంది.

ఓషన్ గ్రోవ్ సముద్రపు ఒడ్డున మెథడిస్టులనే క్రైస్తవ శాఖవారి ఊరు. 1869లో ప్రార్థనా శిబిరంగా మొదలైంది. అక్కడ నేల అంతా ఒక మతసంఘానిది. ఒడ్డున చెక్కల నడకదారి పక్కన నాలుగువైపులా గాలి వచ్చే ఒక పెవిలియన్ ఉంది, ఆరాధనలు జరుగుతాయి, పెళ్లిళ్లకూ అద్దెకు ఇచ్చేవారు. అందరికీ సమానంగా తెరిచి ఉంచుతామని చెప్పి రాష్ట్రం నుంచి ఆస్తిపన్ను మినహాయింపు కూడా తీసుకున్నారు. 2007లో ఇద్దరు స్త్రీలు తమ వేడుకకు అడిగారు. సంఘం కాదంది. 2012లో తీర్పు సంఘానికి వ్యతిరేకంగా వచ్చింది. సంఘం మతవిశ్వాసం తప్పని ఎవరూ అనలేదు. అందరికీ అద్దెకు ఇస్తామని తలుపు తెరిచాక, ఒక్కరి ముందు మూయకూడదు అన్నారు. పరిహారం ఏమీ వేయలేదు. సంఘం మాత్రం ఆ పెవిలియన్‌లో అసలు పెళ్లిళ్లే మానేసింది.

పాస్టరుగారు చెప్పిన 2022 చట్టం కేంద్ర చట్టం. చర్చి ఆరాధన జరిగే చోట, బోధకుడి విషయంలో ఎవరికీ సందేహం లేదు. కానీ చర్చి హాలును హిందువుల ఓణీల వేడుకకు, ముస్లింల పుట్టినరోజుకు రేటు చెప్పి అద్దెకు ఇస్తుంటే, మెహందీకి కాదన్నప్పుడు రాష్ట్ర చట్టం కింద ప్రశ్న తప్పకుండా లేస్తుంది. ఆ 2022 రక్షణ ఇలాంటి అద్దె వ్యాపారం దాకా వస్తుందని నేను ధీమాగా చెప్పలేను. సంఘ సభ్యులకు మాత్రమే ఇచ్చే హాలు, ఆరాధనకు సంబంధించిన కార్యక్రమాలకే వాడే హాలు అయితే చర్చి స్థానం గట్టిది. మీ కమిటీ అద్దె దరఖాస్తు ఫారం ఒకసారి తీసి చూడండి. "ఎవరైనా" అని ఉందా, "సభ్యులు" అని ఉందా, ముందు అది తేలాలి.

పూలజడ (ఎడిసన్, న్యూజెర్సీ), రెండు వారాల తర్వాత, సోమవారం రాత్రి 10.30

అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది.

ఆ ఆదివారం రాత్రే అమ్మాయికి ఫోను చేశాను. ఆలస్యానికి ముందు క్షమాపణ అడిగాను. జడలు రెండూ కుట్టి ఇస్తాను, అడ్డుతెర మీద ఆ మాట నేను రాయలేను, కారణం నా విశ్వాసం, నీ మీద ఏ కోపమూ లేదు అని చెప్పాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా అమ్మ పెళ్లికి రానంది అక్కా. పూలజడ తను కుట్టేది, ఆ పనితనం మీ ఫొటోల్లో కనిపించి మీకు ఫోను చేశాను" అంది. నాకు నోట మాట రాలేదు. మర్నాడు సందేశం పంపింది. అడ్డుతెర ఇంకొకరి దగ్గర రాయించుకుంటున్నాం, జడలు కూడా వాళ్లే ఇస్తామన్నారు, ముందే నిజం చెప్పినందుకు థాంక్స్ అని.

నేను రాయనన్నది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. అయినా ఆ జడల కోసం కొలతలు రాసుకున్న కాగితం పారేయలేకపోయాను, డబ్బాలోనే ఉంది.

హాలు సంగతి. ఫారం తీసి చూశాం. మొదటి వరుసలోనే "ఎవరైనా" అని ఉంది. కమిటీ మూడు గంటలు కూర్చుంది. కొందరు ఇచ్చేద్దామన్నారు, కొందరు ససేమిరా అన్నారు. చివరికి బయటివారికి ఇవ్వడమే ఆపేయాలని తీర్మానించారు. మెహందీకి లేదు, ఓణీలకు లేదు, ఎవరికీ లేదు. మా వారు ఒప్పుకోలేదు గాని ఓట్లు అటే ఎక్కువ.

బాపట్లవాసి, సోమవారం రాత్రి 11.10

అక్కా, మీ జవాబు నాకు నచ్చలేదు, ఆ సంగతి దాచను. కానీ మీరు రిజిస్టరు మూసేసి తేదీ ఖాళీ లేదని చెప్పలేదు. మా నాన్నతో ఎవరైనా అలా ముఖాముఖి మాట్లాడి ఉంటే, ఆయన కనీసం కోపగించుకోగలిగేవారు.

మూసీతీరం, సోమవారం రాత్రి 11.25

ఆ అమ్మాయి అమ్మగారి చిరునామా ఎవరి దగ్గరైనా ఉంటే బాగుండేది. ఒక ఉత్తరం రాసేవాణ్ణి.

శేషగిరి మాస్టారు, మంగళవారం ఉదయం 6.50

నా మాట నేను మార్చుకోలేదు, రాయనన్నవారిచేత రాయించకూడదు. కానీ జడను కూడా కాదని ఉంటే నేను మీవైపు నిలబడేవాణ్ణి కాదని ఈ రెండు వారాల్లో నాకు తెలిసింది. అందరి దగ్గరా నేర్చుకున్నాను.

తల్లీ, హాలు మూసేశారంటున్నారు, మరి ఆ శనివారం తెలుగు బడి?

పూలజడ (ఎడిసన్, న్యూజెర్సీ), మంగళవారం ఉదయం 7.35

అదీ పోయింది మాస్టారూ. ఈ నెలాఖరుతో ఆఖరు. ముప్పై ఆరుమంది పిల్లలు, శనివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా. గ్రంథాలయంలో గది అడిగాం, నెలకు రెండు రోజులే ఇవ్వగలమన్నారు. ఎడిసన్, ఇసెలిన్ చుట్టుపక్కల ఎవరికైనా హాలు తెలిస్తే దయచేసి ఇక్కడే రాయండి. నల్లబల్ల, కుర్చీలు మావే ఉన్నాయి.